తొట్టిలో మిగిలిన దాణా

మా అక్క నన్ను మోసం చేసింది. ఆవిడను ఎరిగినవాళ్ళతో ఈ మాటంటే నవ్వుతారు. మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికైనా బహుమతి కొంటే, చేతిలో పెట్టేలోపే అందులో ఏముందో చెప్పేస్తుంది. అలాంటి మనిషి రెండు నెలలపాటు ఎదురుగా కూచుని నాకు అన్నం వడ్డిస్తూ, నా తొమ్మిదేళ్ళ పనిని తానేం చేసిందో చెప్పకుండా కడుపులో దాచుకుంది.

నేను పందులకు టీకాలు కనిపెట్టే ల్యాబులో పనిచేస్తాను. కొత్తవాళ్ళకు ఈ సంగతి చెబితే, "పందులకా?" అని ఆగిపోతారు. ఆవులంటే గౌరవం, గుర్రాలంటే హోదా, కుక్కలంటే ముద్దు. పందులనేసరికి నా ఒంటి మీద బురద ఉందేమోనని చూస్తారు. అలా చూసేవాళ్ళతో వాదన పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను.

పందులకు వచ్చే అంటువ్యాధుల్లో ఒకదానికి పుస్తకాల్లో పొడుగాటి పేరుంది. పెంచేవాళ్ళు మాత్రం చీపురు జబ్బంటారు. షెడ్డులో కాలుపెడితే మూలమూలలా ఊడ్చిగానీ పోదు. మొదటిరోజు పంది దాణా ముట్టదు. రెండోరోజు ఒళ్ళు కాలిపోతుంది, అన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకుంటాయి. నాలుగోరోజుకు చెవులు కమిలి ఊదారంగుకు తిరుగుతాయి, వెనక కాళ్ళు చచ్చుబడతాయి. ఆ తర్వాత చెయ్యగలిగిందల్లా గొయ్యి తవ్వడమే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అది అక్కవాళ్ళ షెడ్డుకు వచ్చింది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అక్కా బావలే, నా చదువు నడిచింది ఆ పందుల మీదే. వాళ్ళిద్దరూ రెండురోజులు గొయ్యి తవ్వారు. అందరికన్నా చివర పోయింది మహారాణి. నడుస్తూ ఉంటే దారిలో ఎవరున్నా తప్పుకోవలసిందే, అందుకని అక్క దానికి ఆ పేరు పెట్టింది. దాని తల ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన పశువుల డాక్టరును అడిగింది.

"దీనికి మందు లేదా డాక్టరుగారూ?"

"ఉన్నది ఈ రకానికి పనిచెయ్యడం లేదమ్మా."

"ఇంకోటి కనిపెట్టొచ్చుగా ఎవరన్నా?"

"పందుల కోసం ఎవరు కష్టపడతారు చెప్పు?"

ఆ మాటకు నేను ఉడికిపోయాను. ముప్ఫై ఏళ్ళయింది, ఇంకా చల్లారలేదు.

తొమ్మిదేళ్ళు పట్టింది నాకు. వైరస్‌ను గాజు సీసాలో పెంచిన కణాల మీద వెయ్యడం, అక్కడ పెరిగినదాన్ని తీసి మరో సీసాలో కొత్త కణాల మీద వెయ్యడం, ఇలా నూటపద్దెనిమిది సార్లు. ఎంత రౌడీనైనా ఊళ్ళు మార్చి తిప్పుతూ ఉంటే కొన్నాళ్ళకు మెత్తబడతాడు కదా, అలా మెత్తబడింది. మెత్తబడ్డదాంట్లోంచి ఒక ముక్క కత్తిరించాం. ఆ ముక్క లేదు కాబట్టి, పంది రక్తం పరీక్షిస్తే దానిలోని బలం టీకా వల్ల వచ్చిందో, జబ్బు సోకి తగ్గడం వల్ల వచ్చిందో తేలిపోతుంది. ఈ ముక్క సంగతి గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది అదే.

ల్యాబులో టీకా బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ల్యాబు గొప్పలు ల్యాబులోనే చెల్లుతాయి. బయట మామూలు షెడ్డులో, మామూలు గాలిలో, జబ్బు తిరిగే కాలంలో పనిచేస్తుందని చూపించాలి. "ఒక్క ట్రయలే," అన్నాడు మా డైరెక్టరు. ఆయన్ని మేమందరం పెద్దాయన అంటాం. "ఇది నెగ్గకపోతే సీసాలు ఫ్రీజర్ అడుక్కి పోతాయి, నువ్వు కోళ్ళ విభాగానికి పోతావు."

ట్రయల్ పద్ధతి ఇదీ. ఒక షెడ్డులో పన్నెండు గదులు, గదికి పది పిల్లలు. ఆరు గదులకు టీకా. మిగతా ఆరింటికి అదే సీసా, అదే మూత, లోపల మాత్రం ఉప్పునీళ్ళు. ఏ గదికి ఏది అన్నది నాకు కూడా తెలియకూడదు. తెలిస్తే నా కళ్ళు నాకే అబద్ధం చెబుతాయని ఆ కట్టుబాటు. అసలు జాబితా మా లెక్కలాయన దగ్గర, సీలు వేసిన కవరులో ఉంటుంది. జబ్బు వచ్చిపోయాక కవరు విప్పి చూస్తారు. ఉప్పునీళ్ళ గదుల్లో పందులు చచ్చి, టీకా గదుల్లో బతికి ఉంటే మేము గెలిచినట్టు.

ఈ పద్ధతి ఉన్నదున్నట్టు ముగ్గురు రైతులకు చెప్పాను. మొదటాయన నవ్వి పంపేశాడు. రెండో ఆయన నవ్వకుండానే పంపేశాడు. మూడో ఆవిడ, "అంటే నా పందుల్లో సగం చస్తేనే నీ మందు మంచిదవుతుందా?" అని గేటు వేసేసింది. ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. జబ్బు కాలం నెల దూరంలోకి వచ్చేసింది. నాలుగో ప్రయత్నంగా అక్క దగ్గరికి వెళ్ళాను.

అక్క చేతులకు దాణా అంటుకుని ఉంది. నేను నాలుగు పేజీల కాగితం బల్ల మీద పెట్టి చదివాను. మొదటి పేజీ నెమ్మదిగా చదివాను, రెండోది తొందరగా. మూడో పేజీలో, సగం గదులకు ఉప్పునీళ్ళన్న చోట, దగ్గొచ్చినట్టు దగ్గి పేజీ తిప్పాను.

"మొత్తానికి ఏమంటావే చిన్నీ?" అంది అక్క.

"అన్ని గదులకీ ఇంజెక్షన్ ఇస్తామక్కా. రెండు విడతలు."

అది అబద్ధం కాదు. సూది అన్నిటికీ పడుతుంది. అక్క చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టింది. "నువ్వు చదివావుగా, ఇంక నేను చదివేదేముంది," అంది. బావ గుమ్మంలోంచి, "మన సూదమ్మ వచ్చిందంటే ఇంక చీపురు జబ్బుకి చీపురుదెబ్బలే," అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను.

మొదటి విడత వేశాక ఉష్ణోగ్రతలు చూసే పని మా సహాయకురాలు చేసింది, నేను కట్టుబాటు ప్రకారం దూరంగా ఉన్నాను. రెండోరోజు అక్క ఫోన్ చేసింది.

"కొన్ని గదుల్లో దాణా వదిలేశాయే. కొన్నిట్లో తొట్టి నాకి పెట్టాయి. ఎందుకంటావు?"

ల్యాబులో పనివాళ్ళు తొట్లు కడిగేస్తారు. పిడికెడు దాణా మిగిలిందా లేదా అన్నది తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ నా కంటపడలేదు. టీకా పడిన పంది ఒక పూట కొంచెం మందగిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఏ గదులని అడిగితే నాకు కవరులోని జాబితా తెలిసిపోతుంది. ఎందుకో చెబితే అక్కకు మూడో పేజీ తెలిసిపోతుంది.

"అబ్బే, ఏం లేదక్కా. వాతావరణం అయ్యుంటుంది."

"అంతేనంటావా?" అంది అక్క. "సరేలే," అని పెట్టేసింది.

మూడు వారాల తర్వాత రెండో విడత. గదికొక సీసా, దాని మీద గది నంబరు. సీసాకు ఇరవై పందుల మందు పడుతుంది, గదికి ఉన్నవి పదే. కాబట్టి ప్రతి సీసాలోనూ సగం మిగిలింది. మిగిలింది అక్కడే, నా చేతులతో, మరిగించి పారెయ్యాలి. ల్యాబులో ఈ కట్టుబాటు తప్పిన కుర్రవాళ్ళను నేను నిలబెట్టి తిట్టేదాన్ని. ఆ రోజు నాకు మధ్యాహ్నం పెద్దాయనతో మీటింగు ఉంది. పన్నెండు సీసాలూ బకెట్లో వేసి బకెట్ అక్క చేతికిచ్చాను.

"పెద్ద గిన్నెలో వేసి అరగంట మరిగించెయ్ అక్కా. మర్చిపోకు."

"నేనెప్పుడన్నా మర్చిపోయానా?" అంది అక్క. బకెట్ తీసుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నా తొందరలో నేను ఆ చూపుకు అర్థం వెతకలేదు.

చీపురు జబ్బు అనుకున్న వేళకే వచ్చింది. అక్కవాళ్ళకు కిలోమీటరు అవతల ఉన్న షెడ్డు పదిరోజుల్లో ఖాళీ అయింది. ఇవతల ఉన్నదాంట్లో ఒక్క ముసలి పంది మిగిలింది. ఆ నెలంతా నేను ఫోను పక్కన పెట్టుకుని పడుకున్నాను. ఒకపక్క ఆరు గదుల పందులు చావాలి, చస్తేనే టీకా గెలుస్తుంది. మరోపక్క అవి అక్క పందులు. రోజూ పొద్దున ఫోన్ చేసి, "ఎలా ఉన్నాయి?" అని అడిగేదాన్ని. "గుండ్రాళ్ళలా ఉన్నాయి," అనేది అక్క. ఆ మాటకు సంతోషించాలో భయపడాలో తెలిసేది కాదు. నెల గడిచింది. నూట ఇరవైలో ఒక్కటీ చావలేదు. ఒక్కటీ తుమ్మలేదు.

రక్తం నమూనాలు తెచ్చాం. మీటింగు గదిలో లెక్కలాయన కవరు విప్పి, జాబితాను నమూనాల ఫలితాల పక్కన పెట్టాడు. మనిషి తెల్లబోయాడు.

"పన్నెండు గదుల్లోనూ టీకా బలం ఉంది," అన్నాడు.

"ఆరు," అన్నాను నేను.

"పన్నెండండీ. జబ్బు సోకిన ఆనవాళ్ళు ఎక్కడా లేవు. మీరు కత్తిరించిన ముక్క లేని బలమే, అన్నిట్లోనూ. ఉప్పునీళ్ళు పడిన పందికి టీకా బలం ఎక్కడ్నించి వచ్చింది?"

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీస్తే మంచివార్త ఉండదు. "దీనికి రెండే కారణాలు. నీ టీకా వైరస్ ఒక పందినుంచి ఇంకో పందికి తనంతట తనే పాకుతోంది. అలా పాకే వైరస్ రేపు మళ్ళీ ముదరదని ఎవరు పూచీ? అదే నిజమైతే ఈ పని ఇవాళే మూసేస్తాం. లేదా, మనిషెవరో వేశారు. వారంలో తేల్చు."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడండీ," అని గొణిగాడు లెక్కలాయన, మాలో ఎవరో సీసాలు తారుమారు చేశారని అతని అనుమానం. నాకు మాత్రం బకెట్ గుర్తొచ్చింది. పన్నెండు సీసాల్లో ఆరు టీకావి. ఒక్కోదాంట్లో పది పందుల మందు. మిగిలిన గదులు ఆరు. సరిగ్గా సరిపోతుంది.

అక్క షెడ్డు కడుగుతోంది. నీళ్ళగొట్టం కట్టెయ్యకుండానే నా మొహం చూసింది.

"తెలిసిపోయిందా?" అంది.

ఏమీ తెలియనట్టు నటిస్తుందనుకుని, దారంతా దబాయించే మాటలు కూడగట్టుకుని వచ్చాను. ఒక్కటీ పనికిరాలేదు.

"అక్కా, నువ్వేనా?"

"నేనే. నువ్వు కారెక్కిన పది నిమిషాల్లో వేసేశాను. మీ బావ పట్టుకున్నారు, నేను పొడిచాను. రెండు, మూడు, ఆరు, ఏడు, తొమ్మిది, పన్నెండు గదుల సీసాలు తీసి మిగతా గదులకి వేశాను. ఆ ఆరు గదుల్లోనే మొదటిసారి దాణా మిగిలింది."

కవరులోని జాబితా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. సీలు వేసి, ఇనుప బీరువాలో పెట్టి, నాకు కూడా చూపించకుండా దాచిన రహస్యాన్ని మా అక్క తొట్టి చూసి చదివేసింది. ఇంకో రోజైతే ముద్దు పెట్టుకునేదాన్ని.

"నా తొమ్మిదేళ్ళక్కా!" అని అరిచాను. పందులు ఉలిక్కిపడి మూలకు పోయాయి. "తొమ్మిదేళ్ళు! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టు చేశావు. పరాయివాళ్ళు చేస్తే ఇంత ఏడవను. నిన్ను నమ్మి బకెట్ నీ చేతిలో పెట్టాను!"

"నేను నిన్ను నమ్మి సంతకం పెట్టాను."

అక్క గొట్టం కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయాక ఆవిడ గొంతు మరీ స్పష్టంగా వినిపించింది.

"దాణా ఎందుకు వదిలేశాయని ఫోన్ చేశాను. వాతావరణం అన్నావు. నీ గొంతు నాకు తెలీదా చిన్నీ? నువ్వు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కడుపునొప్పి అన్నప్పుడు కూడా ఇలాగే అనేదానివి. అప్పుడు మీ బావ కళ్ళజోడు పెట్టుకుని నువ్వు మాకిచ్చిన కాయితం చదివారు. మూడో పేజీ మూడుసార్లు చదివించాను. చెప్తావేమోనని చూశాను. రెండో విడతకి వచ్చినప్పుడు గేటు దగ్గర్నించి చూశాను, ఇప్పుడు చెప్తుంది, ఇదిగో ఇప్పుడు చెప్తుంది అని. నువ్వేమో బకెట్ ఇచ్చి మరిగించెయ్ అన్నావు."

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"అడిగితే కదా తెలిసేది. గొయ్యి తవ్విన చేతులివి. మందు కోసం సగం ఇమ్మంటే, ఏడ్చి ఇచ్చేదాన్నేమో. నువ్వు అడగలేదు. మహారాణి తల నా ఒళ్ళో ఉన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. అన్నీ తెలిసినదానివి, నాకే అలా చేశావు."

నా తప్పు నాకు తెలియకపోలేదు. కానీ ఆ క్షణంలో నాకు కనపడింది నా తప్పు కాదు, పన్నెండు గదుల్లో నవనవలాడుతున్న నూట ఇరవై పందులు. అంత బాగా పనిచేసిన టీకా ఈ భూమ్మీద ఇంకోటి ఉండదు. అది పనిచేసిందని చూపించడానికి మాత్రం నా దగ్గర ఒక్క చచ్చిన పంది లేదు. ఏడుపొచ్చింది. అక్క దగ్గరికి రాలేదు. నా జీవితంలో నేను ఏడుస్తుంటే అక్క దగ్గరికి రాకపోవడం అదే మొదటిసారి.

ల్యాబుకు వచ్చి నివేదిక రాయడానికి కూచున్నాను. మనిషి చేసిన పనేనని రాస్తే టీకా బతుకుతుంది, ఇంకోచోట ఇంకో ట్రయల్ ఇస్తారు. అయితే ఆ మనిషి ఎందుకు చేసిందన్న ప్రశ్న వస్తుంది. యజమానికి మూడో పేజీ చెప్పలేదని తేలితే తప్పు నాది. మోసం చేసి సంతకం పెట్టించినవాళ్ళ చేతికి మళ్ళీ ఎవరూ ట్రయల్ ఇవ్వరు. టీకా నాతోపాటే మూలన పడుతుంది. గంటసేపు నివేదికలో కారణం రాయాల్సిన ఖాళీ గడిని చూస్తూ కూచున్నాను. ఆ తర్వాత రాశాను: "గదుల్లో సగానికి టీకా ఉండదన్న సంగతి యజమానికి ముందుగా వివరించడమైనది. యజమాని అంగీకరించి, తరువాత ఉద్దేశపూర్వకంగా నిబంధనను ఉల్లంఘించారు."

ఆఫీసు భాషలో రాస్తున్నప్పుడు ఎవరి మొహమూ గుర్తురాదు. అక్క అని రాయలేదు కదా, యజమాని అని రాశాను. ఆవిడ మాత్రం నన్ను ముంచలేదా అని నాకు నేను చెప్పుకున్నాను. అదే మాట అరిగిపోయిన రికార్డులా రోజంతా చెప్పుకున్నాను.

విచారణ అక్క ఇంట్లోనే జరుగుతుందని నేను అనుకోలేదు. పెద్దాయనతోపాటు ఒక సన్నటి ఆవిడ వచ్చింది. విచారణాధికారి. బూట్లు మార్చుకుని షెడ్డంతా తిరిగి చూసి, వంటింటి బల్ల దగ్గర కూచుంది. బల్ల మీది ప్లాస్టిక్ గుడ్డకు ఒక మూల కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు వేడి గిన్నె పెట్టి నేను చేసిన మచ్చే. నేను దాన్నే చూస్తూ కూచున్నాను.

అక్క చేసిన పనంతా దాచకుండా చెప్పింది. దాణా సంగతి విని విచారణావిడ పెన్ను ఆపి, "ఇది మాకెవరికీ తెలీదు," అంది పెద్దాయనతో. ఆ తర్వాత నా నివేదిక తీసి, నేను రాసిన ఆ రెండు వాక్యాలూ బయటికి చదివింది. కుండబద్దలు కొట్టినట్టు, ఒక్కో మాటా విడివిడిగా.

"ఇది మీ చెల్లెలు రాసింది. సగం గదులకి ఉత్త ఉప్పునీళ్ళేనని ఆవిడ మీకు ముందే చెప్పిందా?"

గుమ్మంలో నిలబడ్డ బావ, "ఏమిటీ?" అని ఒక అడుగు ముందుకు వేశాడు.

"మీరుండండి," అంది అక్క.

నేను తలెత్తలేదు. కానీ అక్క నావైపు చూస్తోందని తెలుసు. ఒకరి చూపు మాడు మీద పడితే తెలుస్తుంది.

"చెప్పిందండీ," అంది అక్క. "కూచోబెట్టి చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నాదే బుద్ధి గడ్డి తింది."

"మరి తెలిసి ఎందుకు చేశారు?"

"పెంచుకున్నవి కళ్ళముందు చస్తాయంటే ఉండబట్టలేకపోయాను."

విచారణావిడ రాసుకుంది. అక్క చేత సంతకం పెట్టించింది. ఈసారి అక్క కాగితాన్ని వెలుతురుకు పెట్టి, పెదాలు కదుపుతూ, చివరిదాకా చదివి పెట్టింది. "మీ షెడ్డులో ఇకమీద ఏ ట్రయలూ జరగదమ్మా," అంది విచారణావిడ లేస్తూ. "టీకా బయటికొచ్చినా మొదట్లో మీకు ఇవ్వడం కుదరదు. నిబంధన తప్పినవాళ్ళకి అలాగే ఉంటుంది." అక్క అలాగేనండి అంది.

వాళ్ళ కారు మలుపు తిరిగింది. బావ నావైపు చూడకుండా, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే," అని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి నోట ఆ మాట విన్నాక అక్క కోసం బయటికి వచ్చాను.

అక్క షెడ్డు గేటు దగ్గర బూట్లు పెట్టే అర ముందు వంగి ఉంది. అక్కడ మూడు జతల రబ్బరు బూట్లు ఉంటాయి. బావవి, అక్కవి, నావి. షెడ్డు బూట్లు షెడ్డు దాటకూడదు. జబ్బు కాళ్ళతోనే వస్తుందని, ఈ కట్టుబాటు వాళ్ళకు నేర్పింది నేనే. అక్క నా జత తీసి, మందునీళ్ళలో ముంచి, అట్టకట్టిన మట్టంతా గోకి, పాతగుడ్డతో లోపలా బయటా తుడిచింది. సంచిలో పెట్టి, గేటుకు బయటివైపు తగిలించింది.

"తీసుకెళ్ళు. వీటితో ఇక్కడ పనిలేదు."

"అక్కా, నన్ను కాపాడావు. మళ్ళీ ఇదేమిటి?"

"నిన్ను కాదే, మందుని," అంది అక్క. కోపంగా కూడా అనలేదు. "పందులకి మందు కావాలి. అది ఎవరు తెచ్చినా సరే." గేటు వేసి గడియ పెట్టింది.

కొత్త ట్రయలుకు అనుమతి వచ్చేసరికి ఏడు నెలలయింది. ఈసారి కాగితంలో మూడో పేజీని మొదటి పేజీ చేశాను. రైతు ఇంటికి వెళ్ళగానే, కూర్చోకముందే చెప్పేస్తున్నాను, ఆరు గదులకు ఉత్త ఉప్పునీళ్ళని, జబ్బు వస్తే ఆ పందులు చస్తాయని, అవి చస్తేనే మాకు తెలుస్తుందని. ముగ్గురు కాదన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆశ్చర్యంగా ఉంది, నిజం చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు.

నాలుగో షెడ్డు ఒక పెద్దావిడది. చివరిదాకా విన్నది. కాగితం తనే చదువుకుంది. రెండు ప్రశ్నలడిగింది, రెండూ మంచి ప్రశ్నలే. తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడ వెనక కిటికీలోంచి నా కారు కనిపిస్తోంది. అక్క ఇచ్చిన సంచి ఏడు నెలలుగా దాని వెనక సీట్లోనే ఉంది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు తల్లీ. ఇంత గట్టి మందంటున్నావు. మీవాళ్ళెవరికీ పందుల్లేవా? మీ సొంతవాళ్ళ షెడ్డులో చేసుకోవచ్చుగా?"

ఆవిడకు అప్పటిదాకా నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

"లేరండీ," అన్నాను. "నాకు సొంతవాళ్ళెవరూ లేరు."

"అయ్యో," అంది పెద్దావిడ. జాలిగా నా చెయ్యి తట్టి, పెన్ను అందుకుంది.